చేయి పట్టేంత సందు

తెల్లవారుజామున కాంక్రీటు చల్లగా ఉంటుంది.

ఆరీ ఆరని బట్టంత చల్లగా. అరచేయి ఆనిస్తే ఆ చలువ మెల్లమెల్లగా మణికట్టు దాకా ఎక్కుతుంది.

గోడకు సున్నం లేదు. రంగు లేదు. పోతపోసిన నాడు అడ్డంపెట్టిన చెక్క పలకల గుర్తులు గోడ నిండా అలాగే ఉన్నాయి. పలకకూ పలకకూ మధ్య ఒక గీత. గీతల నడుమ చెక్క చారలు. అక్కడక్కడా ఒక ముడి. చెట్టు పోయింది. పలక పోయింది. దాని ఒంటి చారలు మాత్రం ఇక్కడ ఉండిపోయాయి.

నేను బట్ట చూసేవాణ్ణి.

పాండేసరలో ఒక మిల్లు. అద్దకానికి పోయే ముందు తెల్లబట్టను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, పోగు ఎక్కడ తెగిందో, నూనె మరక ఎక్కడ పడిందో చూసి చెప్పాలి. అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టాలి. సిరిసిల్లలో బి.ఏ. చదివాను. సూరత్‌కు వచ్చి పోగులు లెక్కపెట్టాను. ముప్పై ఏళ్లు.

అందుకే గోడను కూడా బట్టను చూసినట్టే చూస్తున్నాను.

భయం వేసినప్పుడు మనిషి తనకు వచ్చిన పనే చేస్తాడు.

*

ఇది కాలేజీ పిల్లల హాస్టల్. యాభై ఏళ్ల కిందట కట్టారట. నాలుగు అంతస్తులు. మధ్యలో చదరంగా ఒక వాకిలి. ఆ వైపు నుంచి ఈ వైపుకు గాలిలో వంతెనలు. లిఫ్టు లేదు. గదులు వరుసలో ఉండవు — ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు. ఏ తలుపూ ఇంకో తలుపును చూడదు. చదువుకునే పిల్లవాడి మీద ఎవరి చూపూ పడకూడదని కట్టినాయన అలా కట్టాడట.

ఇప్పుడు పిల్లలు లేరు. మేమున్నాం.

రెండు వేల ఇరవై ఒకటో సంవత్సరం. ఏప్రిల్. నవాగామ్‌లో మా గదిలో ఆరుగురం. అందులో ఇద్దరికి పరీక్షలో రోగం ఉందని తేలింది — నాకు, నా బామ్మర్ది పరుశురాంకు. ఆరుగురి గదిలో ఇద్దరు విడిగా ఎక్కడ పడుకుంటారు? బస్సు వచ్చింది. ఎక్కించారు. ఇక్కడ దించారు. మూడో అంతస్తు, ముప్పై నాలుగో నంబరు గది.

రెండు మంచాలు. అవీ కాంక్రీటే. నేలలోంచి లేచిన అరుగుల్లా ఉన్నాయి. జరపలేం. బల్ల కూడా కాంక్రీటే. ఈ ఇంట్లో ఏదీ జరగదు.

తలుపు పక్కన, గోడలో, నిలువుగా ఒక సందు.

కిటికీ అనలేం. మనిషి ఎత్తు ఉంటుంది. వెడల్పు మాత్రం చేయి పట్టేంత. గోడ మందం మూరెడు. ఆ మూరెడు మందంలో సందును ఏటవాలుగా తీశారు. గాలి వస్తుంది. తూర్పు వెలుతురు వస్తుంది. చూపు రాదు. బయట నిలబడ్డవాళ్లకు లోపలి మనిషి కనపడడు.

గాలి తగిలే ఆ మంచం పరుశురాంకు ఇచ్చాను.

"బావా," అన్నాడు వాడు మొదటి రోజు, ఆ అరుగు మీద కాళ్లు చాపుకుని. "నువ్వు బి.ఏ. చదివినవ్. ఎన్నడన్న హాస్టల్ల ఉన్నవా?"

"లేదురా. ఊరి నుంచి సైకిల్ మీద పోయి వచ్చేటోణ్ణి."

"సూడు మరి. నేను ఏడు తప్పిన. నాకు డైరెక్టు కాలేజీ హాస్టల్ల సీటు ఇచ్చిండ్రు. తిండి ఫ్రీ. గవర్నమెంటుకు తెలుసు, ఎవనికి దిమాక్ ఉన్నదో."

నవ్వాడు. నవ్వులోంచి దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక మళ్లీ నవ్వాడు.

బల్ల పైన గోడ మీద మేకుతో గీకిన తెలుగు అక్షరాలు కనపడ్డాయి. *ఇక్కడ గాలి బాగుంటుంది — ప్రణీత్.* ఏ సంవత్సరమో లేదు. ఏ ఊరి పిల్లవాడో తెలియదు. చదివినప్పుడు మాత్రం, ముక్కూ మొహం తెలియని ఇంట్లో ఎవరో మంచినీళ్లు ఇచ్చినట్టు అనిపించింది.

"మనోడే," అన్నాడు పరుశురాం. "గాలి సంగతి మంచిగ జెప్పిండు."

*

పొద్దున ఏడుకు ఒకసారి. సాయంత్రం ఐదుకు ఒకసారి.

అడుగుల చప్పుడు మెట్ల దగ్గర మొదలవుతుంది. వంతెన దాటుతుంది. ఒక్కో గది ముందు ఆగుతుంది... ఆగి, కదులుతుంది. కాంక్రీటు చప్పుడును మింగదు. మోసుకొస్తుంది.

తలుపు తీయకూడదు. సందులోంచి చేయి బయట పెట్టాలి. వేలికి ఒక చిన్న క్లిప్పు తగిలిస్తారు. అందులో అంకె వెలుగుతుంది. ఒంట్లో గాలి ఎంత ఉందో చెప్పే అంకె. మొదట ఒక చేయి. తరవాత రెండో మనిషి చేయి.

అంకె తొంభైకి తగ్గితే పెద్ద దవాఖానకు.

ఆ అంకె చూసే పిల్ల డాక్టరు చదువుతోంది. తల నుంచి కాలి దాకా తెల్ల ప్లాస్టిక్ బట్టలు. కళ్లకు అద్దాలు. మొదటి రోజు హిందీలో మాట్లాడింది. లోపల మా ఇద్దరి వాదులాట విని, ఆగి, సందు దగ్గరికి వచ్చింది.

"మీరు తెలుగోళ్లా అంకుల్? మాది హన్మకొండ. నా పేరు శ్రీలేఖ."

ఆ ఒక్క మాటకే పరుశురాం లేచి కూర్చున్నాడు. "బిడ్డా, హన్మకొండల ఏడ? పొద్దుగాల అన్నం తింటివా? గా సంచిల ఉడుకుతలేదా?"

"ఉడుకుతుంది అంకుల్. చేయి పెట్టుండ్రి."

నాకు తొంభై ఆరు. వాడికి తొంభై నాలుగు.

అది మొదటి రోజు. మూడో రోజుకు వాడిది తొంభై రెండు.

*

వంతెన అవతల గదిలో మొండయ్య ఉండేవాడు. పరుశురాం మరమగ్గాలు నడిపే షెడ్డులోనే అతనూ పని. మనిషి కనపడడు. గొంతు మాత్రం సందులోంచి వాకిలి దాటి వచ్చేది.

"పరుశురాం! ఏం బెట్టిండ్రురా కూర?"

"ఆలుగడ్డ!"

"మాకూ ఆలుగడ్డనే. నేను మటన్ అనుకుని తింటున్న!"

నాలుగో రోజు మధ్యాహ్నం అడుగులు వచ్చాయి. ఏడు గంటల అడుగులు కావు. ఐదు గంటల అడుగులు కావు. నలుగురివి. తొందరవి. వంతెన దాటి అవతల ఆగాయి. కుర్చీ కాళ్లు నేలకు రాసుకున్న చప్పుడు...

మొండయ్య గొంతు. సన్నగా. "పరుశురాం... నా సబ్బు కొత్తది ఉన్నది. నువ్వు తీసుకోరా."

తరవాత మెట్లు. మెట్ల మీద మెట్లు. తరవాత ఏమీ లేదు.

మరునాడు పొద్దున ఊడ్చే మనిషి చెప్పాడు. మొండయ్య ఇక లేడు.

పరుశురాం దుప్పటి మీదికి లాక్కున్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాడు చూస్తున్నది గోడను కాదని నాకు తెలుసు.

ఐదేళ్ల కిందట సారక్కను ఆటో ఎక్కించింది వాడే. సారక్క నా భార్య. వాడికి అక్క. డెంగీ జ్వరం. దవాఖానలో చేర్చుకున్నారు. లోపల ఉండనివ్వలేదు. "మీరు పోయి అన్నం తినుండ్రి, మొహాలు ఎట్ల గుంజుకపోయినయో సూడుండ్రి," అంది సారక్క. వెళ్లాం. తిన్నాం. తెల్లారి వచ్చేసరికి ఆ మంచం మీద వేరే ఎవరో ఉన్నారు.

ఆనాటి నుంచి వాడు దవాఖాన అన్న మాట ఇంట్లో ఎవరినీ అననివ్వలేదు.

నేనూ అనలేదు.

*

ఆ సాయంత్రం ఐదు కావస్తోంది. మెట్ల దగ్గర అడుగులు మొదలయ్యాయి.

పరుశురాం నా చొక్కా అంచు పట్టుకున్నాడు. వాడి ఊపిరి పైపైనే ఆడుతోంది. లోపలికి దిగడం లేదు.

"బావా... జర నా సాంచె చూసుకో."

సాంచె అంటే మరమగ్గం. మా వాళ్ల షెడ్డుల్లో ఒక మర్యాద ఉంది. పక్క మనిషికి నీళ్లకో, చాయ్‌కో పోవాలనిపిస్తే భుజం తట్టి ఆ ఒక్క మాట అంటాడు. అంతే. వాడు తిరిగి వచ్చేదాకా వాడి సాంచెలు కూడా నావే. పోగు తెగితే నేను ముడేయాలి. సేఠ్ వచ్చి ఎక్కడ వాడు అంటే, ఇక్కడే ఉన్నాడు అనాలి. ఈ మర్యాద తప్పినవాడి పక్కన ఎవరూ నిలబడరు. పెళ్లి చూపుల్లో కూడా అడిగే సంగతి అది — పక్కోని సాంచె చూస్తడా, చూడడా?

"పరుశురాం, ఇది సాంచె కాదురా."

"అక్క మీద ఒట్టు బావా. నన్ను ఆడికి పంపకు. రెండు పూటలు. రెండు పూటలల్ల నాకు తక్కువైతది. అక్క మీద ఒట్టు."

అడుగులు వంతెన దాటాయి.

చొక్కా అంచు వదిలించుకుని సందు దగ్గరికి వెళ్లాను.  

సందులోంచి కుడి చేయి పెట్టాను. క్లిప్పు చల్లగా తగిలింది. "తొంభై ఆరు," అంది శ్రీలేఖ. చేయి తీసుకున్నాను. ఒక్క క్షణం ఆగాను... వాడు మంచం మీంచి లేచి రావడానికి పట్టేంత సేపు.

ఎడమ చేయి పెట్టాను.

"తొంభై ఆరు. అరె, పరుశురాం అంకుల్, మస్తు పెరిగింది! ఏం తిన్నరు?"

"ఆలుగడ్డ బిడ్డా," అన్నాడు పరుశురాం, మంచం మీంచే. గొంతు కూడదీసుకుని.

ఆమె నవ్వింది. అడుగులు పక్క గదికి కదిలాయి.

గోడ మూరెడు మందం. లోపలి మనిషి బయటికి కనపడడు.

*

భయం ఎలా ఉంటుందో నేను ఇదివరకు అనుకున్నది తప్పు.

గుండె దడదడలాడడం కాదు. అది నిశ్శబ్దంగా లెక్కపెడుతుంది.

ఫోనులో నిమిషం చూస్తూ వాడి ఊపిరి లెక్కపెట్టాను. పొట్ట మీది దుప్పటి లేచి పడితే ఒకటి. ఆ సాయంత్రం ఇరవై నాలుగు. నావి లెక్కపెట్టాను... పదహారు.

మరునాడు పొద్దున ఇరవై ఎనిమిది. రెండు చేతులూ పెట్టాను. తొంభై ఆరు. తొంభై ఐదు.

మధ్యాహ్నం అన్నం ముద్ద చేసి నోటికి అందించాను. నమలడానికి ఊపిరి చాలలేదు. పక్కన పెట్టాడు. పాలు తాగాడు. పాలు తాగినందుకు నాకు ఎంత సంతోషమైందో! అంత చిన్న గ్లాసు. అంత పెద్ద సంతోషం.

"ఇప్పుడు జర మంచిగనే ఉన్నది," అన్నాడు.

నమ్మాను.

సాయంత్రం ముప్పై. రెండు చేతులూ పెట్టాను.

ఆ ఇల్లు కట్టినాయన వెలుతురును బల్ల మీదికి మళ్లించాడు. పిల్లలు చదువుకోవాలి కదా. మంచాలు నీడలో ఉంటాయి. పిల్లలు నిద్రపోవాలి కదా. ఆ నీడలో వాడి పెదాల రంగు నాకు సరిగా తెలియలేదు. దగ్గరికి వంగి చూస్తే కసిరాడు.

"ఏంది బావా, బట్ట చూసినట్టు చూస్తున్నవ్? నాకు మరక గిట్ల పడ్డదా?"

*

ఆ మరునాడు పొద్దున శ్రీలేఖ ఏడుకు రాలేదు.

ఏడున్నర. రాలేదు. కింద ఎక్కడో తొందర అడుగులు. ఎవరి కోసమో.

నేను సందు దగ్గర నిలబడే ఉన్నాను. రెండు చేతులూ సిద్ధం చేసుకుని. సబ్బు పెట్టి కడుక్కుని, రుద్ది వెచ్చగా చేసుకుని. అబద్ధానికి అంత శుభ్రత!

పరుశురాం ఊపిరి ముప్పై ఆరు. ఇప్పుడు మాటలు లేవు. కళ్లతోనే నా చేతుల వైపు చూస్తున్నాడు.

రోజూ ఆమె వచ్చి వెళ్లేసరికి వెలుతురు సందు అంచు మీదే ఉండేది. ఇవాళ ఆలస్యమైంది. వెలుతురు లోపలికి దిగింది. నేల మీద ఒక సన్నటి పట్టీ. నేల మీంచి అరుగు మీదికి ఎక్కింది. నిన్న ఆ వేళకు వాడు నిండా దుప్పటి కప్పుకున్నాడు. ఇవాళ ఉక్కకు తోసేశాడు.

వెలుతురు వాడి చేతి మీదికి వచ్చింది.

గోళ్లు.

ముప్పై ఏళ్లు వెలుతురుకు అడ్డంగా బట్ట పట్టి చూశాను. తెల్లబట్ట మీద నీలం నీడ పడితే నాకు నిద్రలో కూడా తెలుస్తుంది.

నీలం.

ఐదు గోళ్లూ. పెదాలు కూడా.

బట్టలో పోగు తెగితే ముడేయొచ్చు. సాంచె ఆగితే మళ్లీ నడపొచ్చు... దేవుడా, నేను ఏం చూసుకుంటున్నాను ఇక్కడ? రెండు రోజులుగా ఏం చూసుకుంటున్నాను?

వంతెన మీద అడుగులు.

"అంకుల్, లేటైంది, సారీ. చేయి పెట్టుండ్రి."

కుడి చేయి పెట్టాను. తొంభై ఆరు.

"పరుశురాం అంకుల్?"

వాడు తల అడ్డంగా ఊపాడు. చిన్నగా. నా ఎడమ చేయి వైపు చూశాడు.

నేను వంగి వాడి చేయి పట్టుకున్నాను. వాడు వెనక్కు లాగాడు. ఒక పోగును లాగితే ఎంత బిగువు తెలుస్తుందో... అంతే ఉంది వాడి బలం. ఆ చేతిని పైకెత్తి, సందులో పెట్టి, మోచేతి దగ్గర నా రెండు చేతులతో పట్టుకున్నాను.

బయట క్లిప్పు తగిలించిన చప్పుడు.

తీసి మళ్లీ తగిలించిన చప్పుడు.

"డెబ్భై ఎనిమిది..." అంది. "ఇది ఖరాబైందా ఏంది?" ఇంకో వేలికి పెట్టింది. "డెబ్భై ఎనిమిది."

తలుపు తెరుచుకుంది. తీయకూడని తలుపు. ఆమె గదిలోకి వచ్చేసింది. వాడిని చూసింది. నన్ను చూసింది.

"నిన్న తొంభై ఐదు కదా అంకుల్! నిన్న నేనే చూసిన కదా!"

ఎడమ చేయి ఎత్తి చూపించాను.  

ఆమెకు అర్థమైంది. అద్దాల లోపల ఆవిరి పట్టింది.

"ఎన్ని పూటలు?"

"మూడు."

"అయ్యో అంకుల్... అయ్యో, ఏం పని ఇది?" వెనక్కు తిరిగి వంతెన వైపు అరిచింది. కుర్చీ తెమ్మంది. ఆక్సిజన్ తెమ్మంది. బండికి ఫోను చేయమంది. ఆ గొంతు వాకిలి అంతా తిరిగి మా గదిలోకే వచ్చింది.

"ఊపిరి లెక్కపెట్టిన బిడ్డా," అన్నాను. "మొన్న సాయంత్రం ఇరవై నాలుగు. నిన్న పొద్దున ఇరవై ఎనిమిది. సాయంత్రం ముప్పై. ఇప్పుడు ముప్పై ఆరు."

ఆమె పెన్ను తీసి తన ప్లాస్టిక్ చేతి మీదే రాసుకుంది. నాలుగు అంకెలూ. వరుస తప్పకుండా రాసుకుంది.

"ఇదన్నా చెప్పిండ్రు," అంది.

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

*

కుర్చీలో కూర్చోబెట్టారు. ముక్కుకు గొట్టం పెట్టారు. సిలిండరు ఒకడు పట్టుకున్నాడు. నలుగురు ఎత్తారు.

తలుపు దాటే ముందు పరుశురాం నా వైపు చూశాడు. ఒక్కో మాటకూ మధ్య ఒక ఊపిరి.

"బావా... పక్కోని సాంచె... గిట్లనా చూసేది?"

  వాడు అడిగింది ఈ పొద్దు గురించా, ఆ మూడు పూటల గురించా... ఇప్పటికీ తెలియదు.

నన్ను గడప దాటనివ్వలేదు.

ఆ మెట్లు ఇరుకు. మలుపు దగ్గర గోడ లోపలికి పొడుచుకొస్తుంది. పుస్తకాలు పట్టుకుని పైకి ఎక్కే ఒక్క పిల్లవాడి కోసం కట్టిన మెట్లు. కుర్చీలో మనిషిని దించడానికి కాదు. మలుపు దగ్గర ఆగారు. "ఆడు... ఆడు కరో," అన్నారెవరో, అడ్డంగా తిప్పమని. కుర్చీని పక్కకు వంచినట్టున్నారు. సిలిండరు గోడకు తగిలింది. ఖణేల్‌మని మోగింది. ఆ మోత నాలుగు అంతస్తులూ ఎక్కి దిగింది.

పరుశురాం దగ్గు వినపడింది.

రెండో మలుపు. మళ్లీ దగ్గు.

ఆ దగ్గు కోసం నేను గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. ఏ దగ్గు వినీ మనిషి అంత సంబరపడి ఉండడు. బతికి ఉన్నాడు. మలుపు తిరిగాడు. బతికి ఉన్నాడు.

మూడో మలుపు. ఏమీ వినపడలేదు.

తరవాత బండి తలుపు మూసిన చప్పుడు.

*

మధ్యాహ్నం ఇద్దరి అన్నం పొట్లాలు వచ్చాయి. ఒకటి వెనక్కు ఇవ్వాలని తోచలేదు. రెండూ బల్ల మీద ఉన్నాయి.

పక్క గదిలోంచి ఎవరో, ఎప్పుడూ మొహం చూడని మనిషి, గోడ మీద వేళ్లతో రెండుసార్లు తట్టాడు. "చాచా, ఖానా ఖా లేనా." అంతే.  తిన్నాను. అతను చెప్పాడని తిన్నాను.

మనసులోనే సారక్కతో మాట్లాడదామనుకున్నాను. ఒట్టు తప్పానని చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నీ తమ్ముణ్ణి పంపినందుకా... పంపడానికి మూడు పూటలు పట్టినందుకా?

ఐదుకు అడుగులు వచ్చాయి.

చేయి పెట్టాను. తొంభై ఐదు.

క్లిప్పు తీశాక కూడా ఆమె కదలలేదు.

"ఫోన్ చేసిన అంకుల్," అంది శ్రీలేఖ, మెల్లగా. "బెడ్ దొరికింది. ఆక్సిజన్ పెట్టిండ్రు. మీరు చెప్పిన లెక్క అక్కడి డాక్టర్‌కు చెప్పిన."

"ఎట్ల ఉన్నడు బిడ్డా?"

"ఇప్పుడే ఏం చెప్పలేమన్నరు. పొద్దటి దాకా చూడాలన్నరు."

"ఏమన్నా అన్నడా?"



"మాట్లాడనిస్తలేరు అంకుల్. మాస్క్ ఉంది కదా."

వెళ్లడానికి తిరిగింది. మళ్లీ వచ్చింది. సందులోంచి తన చేయి లోపలికి పెట్టింది. ప్లాస్టిక్ తొడుగులో, చెమటకు ముడతలు పడిన చిన్న చేయి. దాని మీద నా నాలుగు అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. పట్టుకోవాలా వద్దా... పట్టుకున్నాను. ఒక్క క్షణం. తీసుకుంది. అడుగులు పక్క గది ముందు ఆగాయి.

పొద్దు వాకిలి దాటింది. వంతెన నీడ నాలుగో అంతస్తు దాకా పాకింది. దూరంగా ఏదో బండి సైరను. ఇటు వస్తోందో, అటు పోతోందో ఈ ఇంట్లోంచి తెలియదు. కాంక్రీటు అన్ని వైపుల నుంచీ ఒకేలా మోసుకొస్తుంది.

వాడి మంచం దగ్గర గోడకు అరచేయి ఆనించాను.

వెచ్చగా ఉంది.

పగలంతా తాగిన ఎండ. చెక్క చారల మధ్య, ముడి దగ్గర, గీత దగ్గర... అంతటా వెచ్చగా ఉంది. ఒంటి వెచ్చదనంలా ఉంది.

పొద్దటి దాకా ఉంటుందో, ఉండదో.

చేయి తీయలేదు.